రెండు చేతులకూ పని ఉన్నప్పుడు దీపం ఎక్కడ ఉండాలి?

లారీ కింద వెల్లకిలా పడుకుని గేర్‌బాక్స్ దించే మనిషికి రెండు చేతులూ చాలవు. ఒక చేయి బరువును కాస్తూ ఉండాలి, మరొక చేయి పానా తిప్పుతూ ఉండాలి. ఆ చీకటిలో బోల్టు తల ఎక్కడున్నదో చూపించే వెలుగును పట్టుకోవడానికి ఇక చేయి మిగలదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఏ షెడ్డులో నిలబడి చూసినా ఈ లోటును ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పూడ్చుకోవడం కనిపిస్తుంది. కొందరు సెల్‌ఫోనును పళ్ల మధ్య కరచి పట్టుకుంటారు. కొందరు మెడ వంచి, చెంపకూ భుజానికీ మధ్య టార్చిని ఇరికించుకుంటారు. ఇంకొందరు పొడవాటి తీగ చివర బల్బు కట్టి ఛాసిస్‌కు తగిలిస్తారు. ఇవేవీ కుదరని చోట ఒక పిల్లవాడు లైటు పట్టుకుని నిలబడి ఉంటాడు.

ముందుగా ఆ పిల్లవాడి సంగతి మాట్లాడుకోవాలి. మన తెలుగునాట మోటారు పని నేర్చుకున్న పాతతరం ఉస్తాదులలో చాలామంది తొలి పాఠం లైటు పట్టుకోవడమే. ఉస్తాదు చూపు ఎక్కడికి పోతే వెలుగు అక్కడికి పోవాలి. కునుకు పట్టి చేయి జారితే తిట్లు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువే. ఆ కష్టాన్ని ఇప్పుడు తలచుకుని నవ్వుకునేవారు ఉన్నారు. పని అలాగే వంటబడుతుందని వాదించేవారూ ఉన్నారు. ఆ వాదనతో మేము ఏకీభవించము. గంటల తరబడి లైటు పట్టుకున్నవాడికి లైటు పట్టుకోవడమే వస్తుంది. పానా పట్టుకున్ననాడే పని వస్తుంది. పైగా ఇది కేవలం అభిప్రాయాల విషయం కాదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించిన తర్వాత, 14 ఏళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదు. బడి వేళలు ముగిశాక కుటుంబ వ్యాపారంలో చేదోడుగా ఉండవచ్చునన్న మినహాయింపు ఒకటి ఉన్నమాట నిజమే. కాని అది ప్రమాదకరం కాని పనులకే వర్తిస్తుంది. మోటారు వాహనాల మరమ్మతు, వెల్డింగ్, డెంటింగ్, పెయింటింగ్ ప్రమాదకరమైన పనులుగా ఆ చట్టం జాబితాకెక్కినవి. కనుక తండ్రి సొంత షెడ్డు అయినా సరే, పిల్లవాడు లారీ పక్కన లైటు పట్టుకుని నిలబడడం సరికాదు. ఆ పిల్లవాడి చేతిలో ఉండవలసింది పుస్తకం. అతని చేతిలోని వెలుగును ఉస్తాదు ఒంటి మీదికి మార్చగల సాధనం నేడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నది. నుదుటికి కట్టుకునేవి, మెడలో వేసుకునేవి, ఛాతీకి తగిలించుకునేవి అని అవి పలు రకాలు. వాటిలో దేనిని ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఇది షెడ్డులో పనిచేసేవారికి మాత్రమే పనికివచ్చే విషయమని మా ఇంటి పాఠకురాళ్లు పుట తిప్పవద్దని మనవి. ఇటువంటి దీపాలను చాలాసార్లు కొనేది ఇంటివారే. భర్తకో, అన్నకో, అల్లుడికో కానుకగా కొంటారు. పెట్టె మీద పెద్ద అంకె చూసి కొంటారు. పెద్ద అంకె ఎందుకు మోసమో ముందు ముందు చూద్దాం.

గని కార్మికుడి తల మీది వెలుగు

ఒంటి మీద దీపం ధరించడం కొత్త సంగతి కాదు. పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటును తలపై మోసుకుపోయిన కూలివారిని కృష్ణా డెల్టా పల్లెలు తరతరాలుగా చూశాయి. అయితే అది ఇతరుల కోసం మోసిన వెలుగు. తన చేతులను ఖాళీగా ఉంచుకోవడానికి తానే వెలుగు ధరించిన మొదటి శ్రామికుడు గని కార్మికుడు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం ఆరంభమైన నాటి నుండి సింగరేణి చరిత్ర నడుస్తున్నది. ఆ రోజులలో గనులలో దీపం అంటే చాలావరకు మంటే. కాల్షియం కార్బైడ్ మీద నీటి చుక్కలు పడగా పుట్టే ఎసిటిలీన్ వాయువును మండించే చిన్న దీపాన్ని తర్వాతి కాలంలో కొన్ని దేశాలలో టోపీకే తగిలించుకునేవారు. చేతులు ఖాళీ అయ్యాయి, కాని గనిలోని మీథేన్ వాయువుకు ఆ మంటే నిప్పురవ్వ అయ్యేది. మంట చుట్టూ సన్నని లోహపు జాలీ కట్టి 1815లో హంఫ్రీ డేవీ చేసిన రక్షణ దీపం ఆ ప్రమాదాన్ని తగ్గించింది గాని, దానిని చేతిలోనే పట్టుకోవాలి. 1914లో థామస్ ఎడిసన్ కంపెనీ బ్యాటరీతో వెలిగే టోపీ దీపాన్ని తెచ్చిన తర్వాతే వెలుగు తలపైన, బరువైన బ్యాటరీ నడుముకు, రెంటినీ కలుపుతూ ఒక తీగ అన్న పద్ధతి కుదిరింది. సింగరేణి కార్మికుడు దశాబ్దాల పాటు షిఫ్టు మొదట్లో దీపాల గదిలో టోకెన్ ఇచ్చి తీసుకున్నది ఈ దీపాన్నే.

ఈ చరిత్రలో షెడ్డుకు పనికివచ్చే విషయం ఒకటుంది. ఒంటి మీద ధరించే దీపాన్ని ఎంచుకునేటప్పుడు అది ఎంత వెలుగు ఇస్తుందన్నది గని కార్మికులు అడిగిన రెండో ప్రశ్న. నా చుట్టూ ఉన్న గాలిలో అది ఏమి చేస్తుందన్నది మొదటి ప్రశ్న.

ఆటోనగర్ గాలిలో ఏమున్నది? పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. ట్యాంకు దించినప్పుడు, కార్బ్యురేటర్ కడిగినప్పుడు అది నేలబారుగా పాకి, సరిగ్గా మనిషి దిగి పనిచేసే గోతిలోనే చేరి నిలుస్తుంది. వంటగ్యాసు, ఆటోల ఎల్‌పీజీ కూడా అంతే. సీఎన్‌జీ మాత్రం తేలిక. అది పైకి పోయి రేకుల కప్పు కింద చేరుతుంది. బ్యాటరీలు చార్జింగ్ పెట్టిన మూల హైడ్రోజన్ ఉంటుంది. దుకాణంలో దొరికే మామూలు చార్జింగ్ దీపంలో స్విచ్ నొక్కినప్పుడు కంటికి కనిపించనంత చిన్న నిప్పురవ్వ పుట్టవచ్చు. ఆవిరి నిండిన గోతిలో అంత చాలు. ఆయిల్ ట్యాంకర్ల పని చేసేవారు, ఇంధన ట్యాంకులు విప్పేవారు ఫ్లేమ్‌ప్రూఫ్ ధ్రువీకరణ ఉన్న దీపాన్నే వాడాలి, మామూలు దీపాన్ని జేబులో పెట్టుకుని కూడా అక్కడికి పోరాదు. ఆ ధ్రువీకరణ దీపం ఒంటి మీదే అచ్చు వేసి ఉంటుంది. పెట్టె మీద ఉండి దీపం మీద లేకపోతే దానిని లేనట్టే లెక్కించాలి. ట్యాంకర్ లోపలికి దిగడం విషయంలో దీపం ఒక్కటే సమస్య కాదు. అక్కడ ఊపిరికి గాలి కూడా ఉండదు. ఎంత మంచి దీపమైనా ఆ పనిని నిరపాయం చేయదు.

తీగ చివర వేలాడే బల్బును గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది 230 వోల్టుల కరెంటు. కింద తడిసిన కాంక్రీటు, పైన ఇనుము, మధ్యలో చెమటతో తడిసిన మనిషి. జాకీ చక్రం కింద నలిగి తీగ తొడుగు చిట్లితే ఛాసిస్ అంతటికీ కరెంటు వస్తుంది. గాజు బల్బు మీద డీజిలో, పెట్రోలో ఒక చుక్క పడి పగిలితే వేరే ముప్పు. తీగ దీపమే కావాలనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 24 వోల్టులకు దించినదే వాడాలి. ఒంటి మీద ధరించే దీపంలో ఉండేది సుమారు 3.7 వోల్టుల సెల్. కరెంటు కొట్టే భయం అందులో లేదు. దీపం మార్చడానికి ఈ ఒక్క కారణమే చాలునని మా అభిప్రాయం.

నుదురా, మెడా, ఛాతీయా?

బస్రాలో సుమారు 965లో జన్మించి, కైరోలో సుమారు 1040లో కన్నుమూసిన ఇబ్న్ అల్-హైసమ్ పేరు ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వలన చూపు కలుగుతుందన్న పాత గ్రీకు అభిప్రాయాన్ని ఆయన తన 'కితాబుల్ మనాజిర్'లో తోసిపుచ్చి, వస్తువు మీద పడిన వెలుగు తిరిగివచ్చి కంటిలో ప్రవేశించడమే చూపు అని నిరూపించారు. ఇది వినడానికి గ్రంథాలయంలోని సంగతిలా ఉంటుంది గాని డెంటింగ్ మేస్త్రి నిత్యం చేసేది ఈ సూత్రంతోనే. కారు తలుపు మీది చిన్న సొట్టను ఎదురుగా టార్చి వేసి చూస్తే కనబడదు. టార్చిని పక్కకు దించి వెలుగును ఏటవాలుగా పోనిస్తే సొట్ట అంచు నీడ వేసి బయటపడుతుంది. వెలుగు ఎంత ఉన్నదన్నది ఒక్కటే కాదు, కంటికి ఎంత దూరం నుండి, ఏ పక్క నుండి బయలుదేరిందన్నది కూడా చూపును నిర్ణయిస్తుంది.

నుదుటి దీపం కంటికి కేవలం రెండు మూడు అంగుళాల పైన ఉంటుంది. చూపు పోయిన చోటికి వెలుగు పోతుంది. ఇది దాని గొప్ప సుగుణం. కాని వెలుగు, చూపు దాదాపు ఒకే దారిన పోవడం వలన నీడలు వస్తువు వెనుకనే దాగిపోతాయి. పగుళ్లు, గీతలు, దారాలు అరిగిన బోల్టులు చదునుగా కనిపిస్తాయి. దుమ్ము, పొగ, పెయింట్ తుంపరలు ఉన్నచోట ఆ వెలుగే తెల్లని తెరలా తిరిగి కళ్లలో పడుతుంది. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు అతని కళ్లలోకి సూటిగా కొడుతుంది. ఇద్దరు కలిసి ఇంజను దించుతుండగా ఒకరి నుదుటి దీపం మరొకరిని క్షణకాలం గుడ్డివానిని చేస్తే ఆ క్షణంలోనే వేలు నలుగుతుంది. వీటన్నిటికీ తోడు విజయవాడ ఎండాకాలం ఒకటి. మే నెలలో రేకుల షెడ్డు కింద నుదుటికి పట్టీ కట్టుకుని గంటసేపు ఉండగలిగినవారిని మెచ్చుకోవాలి. చెమట ఊరి కళ్లలోకి కారుతుంది.

మెడలో వేసుకునేది గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. రెండు కొనలలో రెండు చిన్న దీపాలు. కొనలను కావలసిన వైపు వంచుకోవచ్చు. రెండు పక్కల నుండి వెలుగు వస్తుంది కనుక చేతి నీడ పని మీద పడడం తగ్గుతుంది. వైరింగ్ పనికీ, బల్ల దగ్గర కూర్చుని సెల్ఫ్ మోటారు విప్పేవారికీ, ఇంట్లో కుట్టుపనికీ, చదువుకూ దీనిని మించినది లేదు. కాని వెల్లకిలా పడుకున్నప్పుడు అది మెడ వెనుక గుచ్చుకుంటుంది. ఇంకొక ప్రమాదం ఉంది. ఇంజను నడుస్తుండగా ముందుకు వంగినప్పుడు మెడలోని ఏ వస్తువైనా ఫ్యాన్ బెల్టు వైపు వేలాడుతుంది. లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతుండగా దగ్గరికి పోయిన తువ్వాలు ఏమవుతుందో ఆ పనివారికి వేరే చెప్పనక్కరలేదు. మెడ తాడు ఉన్న దీపమైతే, లాగగానే దానంతట అదే ఊడిపోయే కొక్కెం ఉన్నది తీసుకోవాలి. అటువంటిది లేకపోతే తిరిగే యంత్రం దగ్గర దానిని తీసి పక్కన పెట్టాలి. ముడి వేసి కట్టుకున్న తాడు అసలే వద్దు.

ఛాతీ దీపాలలో రెండు రకాలున్నాయి. భుజాల మీదుగా, వీపు చుట్టూ పట్టీలతో బిగించుకునేది ఒకటి. చొక్కా జేబుకు క్లిప్పుతోనో, అయస్కాంతంతోనో పట్టుకుని ఉండేది మరొకటి. నిలబడి, నడుస్తూ చేసే పనికి మొదటిది స్థిరమైనది. పడుకుని చేసే పనికి దాని వీపు బకిల్ బాధిస్తుంది. గోతిలో నిలబడి పైకి చూస్తూ చేసే పనికీ, నేల మీద పడుకుని చేసే పనికీ తల తిప్పగలిగిన క్లిప్పు దీపమే మేలని మేము చూసిన కొద్ది షెడ్లలోనూ అనుభవజ్ఞులు చెప్పినది. కంటికి ఒక అడుగు దిగువ నుండి వెలుగు బయలుదేరుతుంది కనుక ఇబ్న్ అల్-హైసమ్ చెప్పిన దారిలో నీడలు తమ పని చేస్తాయి. దారం అరిగిన బోల్టు అరిగినట్టు కనిపిస్తుంది. ఎదుటివారి కళ్లలో పడదు. లోపమేమంటే మొండెం తిరిగితేనే వెలుగు తిరుగుతుంది. తల తిప్పి పక్కకు చూసినవారికి అక్కడ చీకటే. మోచేతులు ముందుకు వచ్చినప్పుడు వెలుగుకు అడ్డం పడుతుంది.

అయస్కాంతం ఉన్న దీపాల విషయంలో ఒక హెచ్చరిక. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు వాటిని ఛాతీకి తగిలించుకోరాదు. బలమైన అయస్కాంతం ఆ యంత్రం నడకను మార్చగలదు. కనీసం 15 సెంటీమీటర్ల దూరం పాటించాలన్నది వైద్యులు సాధారణంగా చెప్పే మాట. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్న పెద్దలుంటే, కొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెట్టె మీది అంకెలు

ల్యూమెన్ అంటే దీపం వెదజల్లే మొత్తం వెలుగు. పని మీద పడే వెలుగును లక్స్‌లో కొలుస్తారు: ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. చిన్న లెక్క వేద్దాం. ఛాతీ నుండి చేతి పనికి దూరం అర మీటరు అనుకుందాం. దీపం వెలుగు ఆ దూరంలో ఒక మీటరు వెడల్పు గల వృత్తంగా పరచుకుంటే దాని వైశాల్యం 0.785 చదరపు మీటర్లు. 200 ల్యూమెన్ల దీపం అక్కడ సగటున 250 లక్స్ ఇస్తుంది. వృత్తం నడిమిభాగంలో ఇంకా ఎక్కువ. మోటారు పనిలో అధికభాగానికి అది చాలును. అదే 1,000 ల్యూమెన్ల దీపమైతే 1,270 లక్స్. ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కాని మెరిసే ఇనుము, కొత్త పెయింటు, క్రోమియం పూత ఆ వెలుగును అద్దంలా తిరగగొడతాయి. కంటిపాప కుంచించుకుపోతుంది. వెలుగు వృత్తానికి వెలుపల ఉన్నదేదీ కనబడదు. పక్కన జాకీ జారుతున్నా కనబడదు. ఒక్కసారి పెద్ద వెలుగుకు అలవాటుపడిన కన్ను తిరిగి చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. చేతికందే దూరంలో పనిచేసేవారికి 150 నుండి 300 ల్యూమెన్లు, వెలుగు తగ్గించి పెంచుకునే వీలు, ఒకే చోట గుచ్చినట్టు కాక మెత్తగా పరచుకునే వెలుగు ఉంటే సరిపోతుంది. దూరంలో ఉన్నదానిని చూడవలసినవారి అవసరం వేరు.

ఎంతసేపు వెలుగుతుందన్న అంకె మరింత మాయ. చాలా కంపెనీలు అనుసరించే అమెరికా ప్రమాణం, ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్ 1, ప్రకారం మొదటి వెలుగులో పదోవంతుకు తగ్గిపోయేదాకా దీపం 'వెలుగుతున్నట్టే' లెక్క. 200 ల్యూమెన్లతో మొదలై 20కి దిగిపోయిన దీపం కింద పనిచేయడానికి ఎవరు ఇష్టపడతారు? దానికన్నా మనమే లెక్క కట్టుకోవడం ఉత్తమం. సెల్ మీద 2,000 ఎంఏహెచ్ అని ఉంటే, 3.7 వోల్టులతో గుణిస్తే 7.4 వాట్ అవర్లు. మంచి ఎల్‌ఈడీ 200 ల్యూమెన్లకు సుమారు 2 వాట్లు తీసుకుంటుంది. కాగితం మీద మూడున్నర గంటలకు పైగా, వాస్తవంలో సుమారు మూడు గంటలు. ఇంతకు మించి చెప్పేవారిని ఎలాగని అడగాలి. చేతి బొటనవేలంత ఉండే 18650 రకం సెల్ ఒకదానిలో సాధారణంగా పట్టే సామర్థ్యం సుమారు 3,500 ఎంఏహెచ్ లోపే. ఒక్క సెల్ మీదే 9,900 అని అచ్చు వేసి ఉంటే ఆ దీపం గురించి ఇంకేమీ పరిశీలించనక్కరలేదు. దానిని దుకాణంలోనే వదిలి రావచ్చు. ఛాతీకి ఆనించుకుని తిరిగే సెల్ నాసిరకమైతే నష్టం డబ్బుతో పోదు. లిథియం సెల్‌కు భారత ప్రమాణం ఐఎస్ 16046. ఆ సంఖ్య, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నవాటినే నమ్మాలి. ఉబ్బిన సెల్‌ను, నీటిలో మునిగిన సెల్‌ను మళ్లీ చార్జింగ్ పెట్టరాదు. ఎండలో నిలిపిన లారీ డ్యాష్‌బోర్డు మీద దీపాన్ని వదలరాదు. రాత్రి పడుకునే పరుపు పక్కన చార్జింగ్ పెట్టే అలవాటును ఇంటి ఆడవారే గట్టిగా మాన్పించాలి.

దుకాణదారు చెప్పనిదీ, పెట్టె మీద తరచుగా ఉండనిదీ ఒకటుంది. అది రంగుల నిజాయితీ. ఎండలో ఎర్రగా ఉన్నది దీపం కింద కూడా ఎర్రగా కనబడాలి. దీనిని సీఆర్ఐ అనే అంకెతో కొలుస్తారు, సూర్యకాంతికి 100. చవక ఎల్‌ఈడీలలో ఎరుపు కొరవడుతుంది; వాటి కింద ఎర్ర తీగ, గోధుమరంగు తీగ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. వైరింగ్ మేస్త్రికి ఆ తేడా తెలియకపోతే ఫ్యూజు పోవడంతో ఆగుతుందని చెప్పలేము. కింద కారిన మరక గేర్ ఆయిలా, బ్రేక్ ఆయిలా, కూలంటా అని చెప్పేది రంగే. పెయింట్ షేడు కలిపేవారి సంగతి సరేసరి. 80కి తగ్గనిది, వైరింగ్, పెయింటు పనివారికి 90 దాటినది తీసుకోవాలి. అంకె లేని చోట పరీక్ష సులభం: ఎర్రది, గోధుమరంగుది, నారింజరంగుది మూడు తీగ ముక్కలు జేబులో వేసుకుని పోవాలి. దుకాణంలో నీడగా ఉన్న మూలకు తీసుకువెళ్లి దీపం వేసి చూడాలి. అరచేయి కూడా మంచి కొలబద్దే. మంచి వెలుగులో అది రక్తప్రసారమున్న చేయిలా కనిపిస్తుంది, చెడు వెలుగులో బూడిద పూసినట్టు ఉంటుంది.

చెరువు గట్టు మీద

ఆటోనగర్ దాటి బందరు రోడ్డు వెంట ఆగ్నేయానికి పోతే ఇదే దీపానికి వేరే అర్థం వస్తుంది. రొయ్యల చెరువు మీద అర్ధరాత్రి చెక్ ట్రే పైకి తీసి మేత మిగిలిందా, రొయ్య చురుకుగా ఉందా అని చూసే మనిషికి కూడా రెండు చేతులకూ పనే. అతనికి రంగుల నిజాయితీ కంటే నీటికి తట్టుకోవడం ముఖ్యం. ఐపీ 65 అంటే నీటి ధార కొట్టినా లోపలికి పోదు. ఐపీ 67 అంటే మీటరు లోతున అరగంట మునిగినా పోదు. చెరువు మీది మనిషికి రెండోదే కావాలి. సంక్రాంతి రోజులలో పొగమంచు పట్టినప్పుడు నుదుటి దీపం కన్నా ఛాతీ దీపం ఎందుకు నయమో పైన చెప్పిన తెల్లని తెర సంగతి గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఛాతీ దీపాన్ని కొద్దిగా కిందికి వంచితే వెలుగు పాదాల ముందు పడుతుంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంతగా పెరిగాయో, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు ఎలా వచ్చారో ఆ ప్రాంతం వారు మరచిపోలేదు. గట్టు మీద నడిచేవాడు చూడవలసింది దూరాన్ని కాదు, తన తర్వాతి అడుగును.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి సింగ్ నగర్ పరిసరాలను ముంచినప్పుడు, నడుము లోతు నీటిలో పసిబిడ్డలను భుజాన వేసుకుని నడిచినవారిని మనం చూశాము. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. ఇంట్లో ఒక ధరించే దీపం ఎప్పుడూ నిండుగా చార్జి చేసి ఉంచుకోవడానికి అంతకన్నా కారణం అక్కరలేదు. ఇంటి కోసమని కొనేదైతే 2,700 నుండి 3,000 కెల్విన్ల పసుపుపచ్చని వెలుగు కలది, బాగా తగ్గించుకోగలది ఎంచుకోవాలి. సహరీ వేళ పిల్లలను లేపకుండా వంటగదిలో మసలుకోవడానికీ, రాత్రి పసిబిడ్డకు మందు వేయడానికీ అది పనికి వస్తుంది. షెడ్డు పనికి 4,000 నుండి 5,000 కెల్విన్ల తెల్లని వెలుగు కావాలి. రెండు అవసరాలకూ ఒకటే దీపం కొని షెడ్డుకూ ఇంటికీ తిప్పడాన్ని మేము ప్రోత్సహించము. గ్రీజు అంటిన పట్టీ వంటగదికి చేరుతుంది; దీపం మాత్రం అవసరమైనప్పుడు రెండో చోట ఉంటుంది.

కొనేవారు ధరించే మనిషిని దుకాణానికి వెంటబెట్టుకు వెళ్లాలి. పనిచేసే చొక్కాతో వెళితే మరీ మంచిది. దీపం తగిలించుకుని అక్కడే ముందుకు వంగి చూడాలి, ఊగుతున్నదా అని. రెండు చేతులూ ముందుకు చాచి వేళ్ల మీద తన నీడే పడుతున్నదేమో చూడాలి. గ్రీజు చేతితో, చూడకుండా స్విచ్ నొక్కగలగాలి. ఒకసారి నొక్కితే వెలగాలి, ఆర్పడానికి మెరిసే లైటు, ఎర్ర లైటు అన్నీ దాటుకుంటూ ఐదుసార్లు నొక్కవలసినది పనివాడికి విసుగు. ఎక్కువ వెలుగు మీద పది నిమిషాలు ఉంచి వెనుకభాగాన్ని చేతితో తాకాలి. వేడి భరించలేనిదైతే చొక్కా మీద కూడా భరించలేనిదే. సెల్ విడిగా తీసి మార్చుకునే నమూనా దొరికితే దానికే మొగ్గు చూపాలి, ఎందుకంటే ఎల్‌ఈడీ చెడిపోవడానికి చాలాకాలం ముందే సెల్ నీరసిస్తుంది. నీరసించిన సెల్‌ను చెత్తబండిలో వేయకుండా దుకాణంలోనే తిరిగి ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులదే. రసీదు మీద నమూనా పేరుతో పాటు సెల్ సామర్థ్యాన్ని కూడా రాయించుకుంటే, ఆరు నెలలకు దీపం గంటసేపే వెలుగుతున్నప్పుడు మాట్లాడడానికి ఒక ఆధారం ఉంటుంది.